సెప్టిక్ ట్యాంకు గుంత నీళ్లు తగిలే దాకా దించమంటున్నారు, కోనసీమ నేలలో ఇది సరేనా?

కొబ్బరితోట
అందరికీ నమస్కారం. అమలాపురం దగ్గర మా ఊళ్లో అమ్మానాన్నల కోసం ఇల్లు కడుతున్నాం. స్థలం పది సెంట్లు, తూర్పు ముఖం. రోడ్డు వెంట 44 అడుగులు, లోపలికి 99 అడుగులు. పునాదులు పూర్తయ్యాయి. ఇప్పుడు సెప్టిక్ ట్యాంకు దగ్గర ఆగాం.

తూర్పు ఆగ్నేయంలో రెండు గదుల ట్యాంకు, దాని పక్కనే సిమెంటు వరలతో ఒక గుంత అని మేస్త్రి గీసి ఇచ్చారు. వరలను నీళ్లు తగిలే దాకా దించి, అడుగు కట్టకుండా వదిలేయాలట. "నీళ్లలో పడిందంటే ఇక జన్మలో నిండదు" అని హామీ కూడా ఇచ్చారు. నిన్న తవ్వి చూస్తే ఏడడుగుల దగ్గర నీళ్లు వచ్చాయి. మా చేతి పంపు ఈశాన్యంలో ఉంది, ముప్పై అడుగుల లోతు. తాగడానికి క్యాన్ నీళ్లు తెప్పించుకున్నా, వంటకు, గిన్నెలకు ఆ పంపు నీళ్లే వాడతారు.

ట్యాంకు కట్టే ముందు మట్టికి, నీటి మట్టానికి పరీక్షలేమైనా ఉంటాయా? ఉంటే ఎవరు చేస్తారు?

పాత కొలబద్ద
మీ మేస్త్రి అన్నది అక్షరాలా నిజం, జన్మలో నిండదు. గుంతలోకి వెళ్లిన మురుగు నేరుగా భూగర్భ జలంలో కలిసిపోతుంటే ఎందుకు నిండుతుంది?

గ్రామీణ నీటి సరఫరా పనుల్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. అందరూ పొరబడేది ఒక్క చోటే. సెప్టిక్ ట్యాంకు మురుగును శుభ్రం చేస్తుందని అనుకుంటారు. అది చేసేది బరువైనది అడుగున, తేలికైనది పైన నిలిచేలా చేయడం, కొంత కుళ్లబెట్టడం. బయటికొచ్చే నీళ్లలో రోగకారక క్రిములు పుష్కలంగా ఉంటాయి. వాటిని పట్టి ఆపేది నేలే, అదీ నీటి మట్టానికి పైన గాలి ఆడే పొడి పొర. మురుగు ఆ పొరలోంచి మెల్లగా దిగాలి. గుంతను నీళ్ల దాకా దించారంటే ఆ పొరను మొత్తం దాటేసినట్టే.

ముందు మూడు సంగతులు చెప్పండి. ఏడడుగుల నీటి మట్టం మీరు ఏ నెలలో చూశారు? మీ మట్టి పొరలు పైనుంచి కిందికి ఎలా ఉన్నాయి? ఆగ్నేయం గోడకు అవతల ఏముంది?

కొబ్బరితోట
తవ్వింది ఇప్పుడే, మే నెలలో. కాలువలు కట్టేసి ఉన్నాయి. మట్టి సంగతి చూసి రేపు రాస్తాను. ఆగ్నేయం గోడకు అవతల దక్షిణం వాళ్ల ఇల్లు, వాళ్లదీ తూర్పు ముఖమే.

లంక గాలి
మాది గోదావరి లంక గ్రామం. కాలువలు కట్టేసినప్పుడు చూసిన నీటి మట్టాన్ని నమ్ముకుంటే ఇల్లు కట్టినవారికి ఆగస్టులో తెలుస్తుంది. జూన్‌లో కాలువలు వదిలాక, సార్వా ఊడ్పులు అయ్యాక, పైన వానలు తోడైతే మా పెరట్లో పలుగు దించితే రెండడుగులకే చెమ్మ. అప్పుడు గుంతలో నీళ్లు ఇంకడం మాట అటుంచండి, బయటి నీళ్లే గుంతలోకి వస్తాయి. మరుగుదొడ్లో నీళ్లు పోస్తే దిగవు, గుడగుడమని పైకి తంతాయి.

పాత కొలబద్ద
లంక గాలి గారు చెప్పిందే అసలు పరీక్ష. ఏడాదిలో నీటి మట్టం అన్నిటికన్నా ఎంత పైకి వస్తుందో ఆ గీతే మీకు లెక్క, ఇవాళ తవ్విన గుంతలో కనిపించే గీత కాదు. దాన్ని పట్టుకోవడానికి వర్షాకాలం దాకా ఆగనక్కర్లేదు. చుట్టుపక్కల పాత నుయ్యి ఏదైనా ఉంటే టార్చిలైటు వేసి లోపలి గోడ చూడండి. నాచు, ఉప్పు మరకలు, తడి నల్లదనం ఒక ఎత్తున ఆగిపోతాయి. ఆ ఎత్తు ఏళ్ల తరబడి నీళ్లు రాసిన లెక్క. పెద్దవాళ్లను కూడా అడగండి, భాద్రపదంలో చేద తాడు ఎంత పొడవు పట్టేదో వాళ్లకు గుర్తుంటుంది.

సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్లను ఎక్కడ, ఎలా వదలాలో భారత ప్రమాణాల కోడ్ ఐ.ఎస్. 2470 రెండో భాగంలో ఉంది. నీటి మట్టం నేల నుంచి 1.8 మీటర్ల లోపు ఉండే చోట ఇంకుడు గుంత మాటే లేదు. నేల మీద దిబ్బ పోసి, అందులో కంకర, పైపు పరిచిన కందకం వేసి, నీళ్లు అక్కడ వదలాలి.

మేస్త్రి కొడుకు
పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట. మా నాన్న ముప్పై ఏళ్లుగా వరల గుంతలే దించారు. ఎవరూ వచ్చి ఇల్లు కంపు కొడుతోందని అనలేదు. ఇంటివాళ్లు ట్యాంకు కోసం ఇచ్చే డబ్బుకు దిబ్బలు, కందకాలు అంటే పారిపోతారు. మేస్త్రి తప్పు అనే ముందు ఇది కూడా చూడాలి.

పాత కొలబద్ద
బాబూ, మీ నాన్నగారి పనితనానికి వంక పెట్టడం లేదు. కంపు రాలేదంటే నీళ్లు ఎటో పోతున్నాయని అర్థం. ఆ "ఎటో" ఎక్కడన్నదే నా ప్రశ్న. కంపు ఇంట్లోకి వస్తే యజమాని మేస్త్రిని పిలుస్తాడు. పంపు నీళ్లలో ఇ.కోలి, అంటే మలంలో ఉండే క్రిమి, వస్తే డాక్టరు దగ్గరికి వెళతాడు, మేస్త్రి దాకా ఆ కబురు చేరదు.

రేగడి రైతు
గుంటూరు జిల్లా నల్లరేగడి నుంచి రాస్తున్నాను. మాకు కోనసీమ కష్టం లేదు, నీళ్లు చాలా లోతు. మా కష్టం వేరు. వేసవిలో నేల నెర్రెలు విచ్చి ఉంటుంది, చెయ్యి దూరేంత సందులు. అప్పుడు గుంత తీసి బిందె నీళ్లు పోస్తే రెండు నిమిషాల్లో మాయం. "అబ్బ, ఎంత బాగా ఇంకుతోంది" అని సంబరపడి కట్టేస్తారు. రెండు వానలు పడగానే రేగడి ఉబ్బి సందులన్నీ మూసుకుంటాయి. ఇక గుంత కాస్తా తొట్టిలా నిలుస్తుంది. మా వీధిలో ఏటా రెండుసార్లు ట్యాంకు బండి పిలవని ఇల్లు లేదు. పరీక్ష చేసే ముందు నేలను నానబెట్టకపోతే రేగడిలో ఆ పరీక్ష అబద్ధమే చెబుతుంది.

కొబ్బరితోట
ఆ నానబెట్టి చేసే పరీక్ష ఏమిటో కాస్త విడమరచి చెప్పండి. ఇంట్లోనే చేసుకోవచ్చా?

పాత కొలబద్ద
చేసుకోవచ్చు. పలుగు, స్కేలు, గడియారం, ఓపిక కావాలి, అందులో నాలుగోది ఎక్కువగా. ఎక్కడ నీళ్లు వదలాలనుకుంటున్నారో అక్కడ, ఏ లోతులో వదలాలనుకుంటున్నారో ఆ లోతుకు, జానెడు వెడల్పు గుంత తీయండి. దిబ్బ పద్ధతి అయితే అడుగు లోతు చాలు. పలుగు పోటుతో గోడలు నున్నగా మెరుస్తాయి, ఆ మెరుపును కత్తితో గీకేయాలి, లేకపోతే బంకమట్టి పూత నీళ్లను ఆపుతుంది. అడుగున 50 మిల్లీమీటర్ల మందం ముతక ఇసుకో సన్న కంకరో వేయండి. గుంత నింపి రాత్రంతా నాననివ్వండి, తగ్గితే మళ్లీ నింపండి. రేగడి అయితే ఇంకా ఎక్కువసేపు.

మర్నాడు కంకర మీద 150 మిల్లీమీటర్ల నీళ్లు ఉండేలా చూసి, అరగంటకోసారి ఎంత దిగిందో కొలవండి. కొలిచాక మళ్లీ 150కి నింపాలి. ఇలా నాలుగు గంటలు. చివరి అరగంట లెక్కే లెక్క, మొదటివన్నీ చిత్తు. దాన్నుంచి 25 మిల్లీమీటర్లు దిగడానికి ఎన్ని నిమిషాలో లెక్కగట్టండి. 30 లోపు అయితే, నీళ్లు బాగా కిందనుంటే, ఇంకుడు గుంత కూడా పనిచేస్తుంది. 30 నుంచి 60 మధ్య అయితే కందకమే. 60 దాటితే ఆ నేల మురుగు తాగదు, వేరే శుద్ధి ఏర్పాటు చూసుకోవాలి. రెండు మూడు చోట్ల చేయండి, ఒక్క గుంతను నమ్మవద్దు.

చీరాల ఇసుక
మా సముద్రపొడ్డు ఇసుకలో ఈ పరీక్ష చేస్తే గడియారం చూసే లోపే గుంత ఖాళీ. అంత తొందరగా ఇంకడం కూడా మంచిది కాదని మా వాళ్లకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. ముతక ఇసుక క్రిములను పట్టుకోదు, జల్లెడలోంచి పోయినట్టు పోనిస్తుంది. ఉప్పునీటి మీద సన్నటి మంచినీటి పొర తేలుతూ ఉండేది మాకు, ఊరంతా ఆ పొరలోకే పంపులు, ఆ పొరలోకే గుంతలు.

బండ నేల
నల్గొండ వైపు వాడిని. మా దగ్గర నాలుగడుగులు మొరం, ఆ కింద పరుపు బండ. గుంతలో నీళ్లు నిలిచిపోతున్నాయని ఒకాయన బండలో తూటా పెట్టించారు. మర్నాటికి గుంత ఖాళీ, ఆయన ఆనందానికి అంతు లేదు. పగులు దొరికింది మరి. బండ పగుళ్లలో వడపోత ఏమీ ఉండదు, ఎంత దూరమైనా నీళ్లు అలాగే పరుగెడతాయి. మా బోర్లకు కేసింగు గట్టి బండ తగిలే వరకే వేస్తారు, కింద అంతా పగుళ్ల నీళ్లే. అలాంటి చోట "ఇన్ని మీటర్ల దూరం చాలు" అనే మాటకు అర్థం లేదు.

కేరీ తెలుగు
అమెరికాలో నార్త్ కరోలినాలో ఉంటున్నాను. మా ఇంటికి కూడా సెప్టిక్ ట్యాంకే. ఇక్కడ స్థలం కొన్నాక కౌంటీ ఆరోగ్య శాఖ మనిషి వచ్చి చేతి బరమాతో నాలుగైదు చోట్ల మట్టి తీసి, ఆ ముద్దను రంగుల పుస్తకంతో పోల్చి చూశారు. ఎరుపు, గోధుమ రంగు మట్టిలో బూడిద రంగు మచ్చలు ఏ లోతులో మొదలైతే అక్కడి దాకా ఏటా నీళ్లు వస్తున్నాయని లెక్క. గాలి ఆడని తడిలో ఇనుము కరిగిపోయి రంగు పోతుందట. ఎండాకాలంలో చూసినా తెలుస్తుంది. కొబ్బరితోట గారు దీన్నీ ప్రయత్నించవచ్చు.

లంక గాలి
అమెరికా సంగతి తెలియదు గాని మా దగ్గర తరతరాలుగా వరి పండిన నేలలో ఎక్కడ తవ్వినా బూడిద రంగు, తుప్పు మచ్చలే. అది పైన చేలో నిలబెట్టిన నీళ్ల పని, కింది నీటి మట్టం పని కాకపోవచ్చు.

పాత కొలబద్ద
ఇద్దరూ సరిగ్గానే చెప్పారు. చేను అయితే మచ్చలను ఒంటరిగా నమ్మకూడదు. ఇంటి స్థలం, ఎప్పుడూ నీళ్లు కట్టని మెరక అయితే మచ్చలు మంచి సాక్ష్యం. నుయ్యి గోడ, పెద్దల మాట, మచ్చలు మూడూ ఒకే లోతు చెబితే ఇక అనుమానం అక్కర్లేదు.

కొబ్బరితోట
అన్నీ చూశాను, ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు.

మా స్థలం పడమటి వైపు కాస్త మెరక. అక్కడ పాత పశువుల పాక ఉండేది, వరి ఎప్పుడూ వేయలేదు. పైన అడుగు, అడుగున్నర గరప మట్టి. ఆ కింద నల్ల బంకమన్ను. తడిపి బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కి లాగితే రెండంగుళాల పట్టీలా సాగి అప్పుడు తెగింది. మూడడుగుల దగ్గర నుంచి బూడిద రంగు మొదలై తుప్పు చారలు కనిపించాయి. ఐదడుగుల కింద సన్న ఇసుక, మా పంపు తోడేది దాన్నుంచే. ఎదురింటి పాత నూతిలో మరకల గీత కూడా నేల నుంచి మూడడుగుల కిందే ఉంది. ఆ ఇంటి మామ్మగారిని అడిగితే, "శ్రావణంలో వంగి చెంబుతో ముంచుకునేవాళ్లం, చేద ఎవరికి కావాలి?" అన్నారు.

అడుగు లోతు గుంతల్లో పరీక్ష చేశాం. నేల బాగున్న నైరుతి మూలలో మొదటి అరగంట 45 మిల్లీమీటర్లు దిగింది, తర్వాత తగ్గుతూ వచ్చి చివరి రెండు అరగంటలూ 20 దగ్గర ఆగింది. వాయవ్యం మూలలో ఇంకా మెల్లగా దిగింది, పైగా ఆ గోడ వెంటే పంట బోదె ఉంది. మేస్త్రిగారు మొదట నవ్వారు. మధ్యాహ్నానికి తనే స్కేలు పట్టుకుని కూర్చున్నారు.

పాత కొలబద్ద
చక్కగా చేశారు. అరగంటకు 20 మిల్లీమీటర్లు అంటే 25 దిగడానికి ముప్పై ఏడున్నర నిమిషాలు. నేల మధ్యరకం. నీరు మూడడుగుల దాకా వస్తుంది, అంటే 0.9 మీటరు. కాబట్టి వరల గుంత వద్దు, దిబ్బ మీద కందకమే.

ఎంత కందకం కావాలో తేల్చే సూత్రం కూడా ఆ ఐ.ఎస్. 2470లోనే ఉంది. 204ను ఆ నిమిషాల వర్గమూలంతో భాగిస్తే రోజుకు చదరపు మీటరు ఎన్ని లీటర్లు తాగుతుందో వస్తుంది. మీకు సుమారు 33 లీటర్లు. స్నానాల నీళ్లు, వంటింటి నీళ్లు వేరుగా అరటి మొక్కలకు వదిలేసి, దొడ్డి నీళ్లు ఒక్కటే పంపితే ఐదుగురికి రోజుకు 200 లీటర్లు అనుకోండి, ఆరు చదరపు మీటర్లు చాలు. సంక్రాంతికి పదిహేను మంది దిగే ఇల్లు కాబట్టి పది చేయండి. ముప్పావు మీటరు వెడల్పుతో 6.7 మీటర్ల కందకాలు రెండు, మధ్యలో రెండు మీటర్ల ఎడం.

ఇక దూరం. మురుగు నీళ్లు ఇంకే చోటుకూ తాగునీటి ఆధారానికీ 18 మీటర్లు ఉండాలని నిబంధన, అంటే దాదాపు 59 అడుగులు. మీ ఆగ్నేయం గుంత నుంచి మీ పంపుకు ఎంత?

కొబ్బరితోట
36 అడుగులు. కానీ కొలవడానికి వెళ్లినప్పుడు వేరే సంగతి బయటపడింది. దక్షిణం వాళ్ల పంపు వాళ్ల ఈశాన్యంలో ఉంది. వాళ్ల ఈశాన్యం అంటే మా ఆగ్నేయం గోడకు అవతలే! మేస్త్రి చెప్పిన చోట గుంత తీస్తే వాళ్ల పంపుకు పన్నెండు అడుగులు కూడా ఉండదు.

బండ నేల
వరసగా తూర్పు ముఖం ఇళ్లుంటే అంతే కదా. ప్రతి ఇంటి ఆగ్నేయం గుంత పక్కింటి ఈశాన్యం పంపును ఆనుకునే ఉంటుంది. ఎవరి కాంపౌండు లోపల చూసినా వాస్తు దివ్యంగా ఉంటుంది, గోడ మీంచి చూస్తేనే అసలు సంగతి.

కొబ్బరితోట
దాని అర్థం ఉత్తరం వాళ్ల గుంత మా పంపు పక్కనే ఉందని. వెళ్లి చూశాను, ఉంది. అడుగు కట్టని వరలే.

పాత కొలబద్ద
మీ పంపు నీళ్లు వెంటనే పరీక్షకు పంపండి. నైట్రేటు, ఇ.కోలి రెండూ అడగండి. తాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, ఇ.కోలి 100 మిల్లీలీటర్లలో అసలు ఉండకూడదు. నైట్రేటును మట్టి కూడా సరిగా ఆపలేదు, మరిగిస్తే పోదు, క్లోరినుకూ పోదు. పసిపిల్లలున్న ఇంట్లో దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

దిబ్బ మాత్రం నైరుతి మూలలో పోయండి. మీ పంపుకూ దక్షిణం వాళ్ల పంపుకూ 18 మీటర్లకు మించి దూరం వస్తుంది, మెరకా అక్కడే.

కొబ్బరితోట
నైరుతిలో గుంతా? మా నాన్న నన్నే ఆ గుంతలో పూడ్చేస్తారు.

పాత కొలబద్ద
గుంత అని ఎవరన్నారు? నేల మీద దిబ్బ. నైరుతి ఎత్తుగా ఉండాలనే కదా వాస్తు చెప్పేది! మీ నాన్నగారికి "నైరుతి మెరక చేయిస్తున్నాం" అని చెప్పండి, అందులో అబద్ధమేమీ లేదు.

మేస్త్రి కొడుకు
ఇది నాకు నచ్చింది. కానీ లెక్క ఒకటి తేలడం లేదు. వీళ్ల అరుగు నేలకు మూడడుగుల ఎత్తు. దొడ్డి పైపు ట్యాంకులోకి చేరేసరికి నేలకు అడుగున్నర ఎత్తులో ఉంటుంది. ట్యాంకు దాటి, ఇంటి వెనక్కి వాలు పోను అడుగు మిగిలితే గొప్ప. దిబ్బలో అడుగు ఇసుక, దాని మీద కంకర, ఆ పైన పైపు అంటే రెండడుగుల ఎత్తు కావాలి. నీళ్లు ఎక్కవు కదా.

పాత కొలబద్ద
సరిగ్గా పట్టుకున్నావు. రెండే దారులు. దొడ్డిని ఎత్తు మీద కట్టాలి, లేదా ట్యాంకు తర్వాత చిన్న తొట్టి కట్టి మురుగు మోటారు పెట్టాలి.

లంక గాలి
మా లంకల్లో వరద కోసం మెట్ల మీద దొడ్లు కట్టుకున్నవాళ్లు ఉన్నారు. కానీ పెద్దవాళ్ల మోకాళ్లకు రాత్రిపూట మెట్లు ఎక్కడం శిక్షే.

కొబ్బరితోట
మోటారే. కరెంటు పోతే?

పాత కొలబద్ద
తొట్టి రోజున్నర నీళ్లు పట్టేలా కట్టండి, 300 లీటర్లు. కరెంటు వచ్చే దాకా ఆగుతుంది. ఇంకో లాభం కూడా ఉంది, మోటారు ఆడినప్పుడల్లా నీళ్లు కందకమంతా ఒకేసారి పరుచుకుంటాయి, మొదటి అడుగే నానిపోవడం ఉండదు.

ట్యాంకు ఇటుకతోనే కట్టండి, సగం నేల పైకి ఉండనివ్వండి. నేలలో పూర్తిగా పాతే ప్లాస్టిక్ ట్యాంకు చవకగా వస్తుందని ఎవరైనా చెబుతారు. 2000 లీటర్ల ఖాళీ ట్యాంకు నీటి మట్టంలో పూర్తిగా మునిగితే రెండు టన్నుల బలంతో పైకి తోస్తుంది, దాని సొంత బరువు వంద కిలోలు కూడా ఉండదు. వానాకాలంలో ట్యాంకు బండి పిలిచి ఖాళీ చేయించిన మర్నాడు ట్యాంకు నేల మీదికి తేలి వచ్చిన ఇళ్లు చూశాను. ఇటుక ట్యాంకునైనా వేసవిలోనే తీయించండి. ఇంకొకటి, మూత తీసి మనిషిని లోపలికి దించవద్దు. మనుషులతో మలం ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ ఏర్పాట్లు లేకుండా అలా దించడం నేరం, విషవాయువుకు ప్రాణాలు పోతాయి.

రేగడి రైతు
దిబ్బ మీద ఏం వేయాలి? కొబ్బరి మొక్క పెట్టేస్తారేమో.

పాత కొలబద్ద
కొబ్బరి వద్దు, వేళ్లు పైపుల్లో దూరతాయి. గడ్డి, మెట్టతామర లాంటివి చాలు.

కొబ్బరితోట
నీళ్ల ఫలితం వచ్చింది. నైట్రేటు 38, పరిమితిలోనే. ఇ.కోలి మాత్రం ఉంది. క్యాన్ నీళ్లు తాగుతున్నాం కదా అని ఇన్నాళ్లూ దీన్ని పట్టించుకోలేదు, పళ్లు తోముకునేది, కూరగాయలు కడిగేది పంపు దగ్గరే. లోతుగా బోరు వేద్దామంటే ఇక్కడ కింద ఉప్పునీళ్లు పడతాయి.

ఉత్తరం వాళ్లతో నాన్న మాట్లాడారు. "మా గుంత వల్లేనని ఏమిటి రుజువు?" అని వాళ్లు అన్నారట. తర్వాత వాళ్ల పంపు నీళ్లు కూడా పరీక్షకు ఇస్తామని ఒప్పుకున్నారు, వాళ్ల ఇంటికి ఉత్తరాన కూడా ఇంకో ఆగ్నేయం గుంత ఉంది మరి.

పాత కొలబద్ద
రుజువు కోసం తగాదా పెట్టుకోవద్దు. మీ పంపును ఇంటి మధ్య భాగానికి ఎదురుగా, ఉత్తరం గోడ వెంట జరపగలరేమో చూడండి, వాళ్ల గుంతకు దూరం పెరుగుతుంది, కానీ మీ నైరుతి దిబ్బకు 18 మీటర్లు తగ్గకుండా చూసుకోండి. జరిపే దాకా వంటకూ కడుగుళ్లకూ మరిగించిన నీళ్లు వాడండి. వాళ్ల రిపోర్టు వచ్చాక ఇక్కడే పెట్టండి. కందకానికి ఇసుక తెచ్చే ముందు పిడికెడు ఇసుక గాజు సీసాలో నీళ్లతో కలిపి చూడండి. నీళ్లు నిమిషంలో తేటపడితే పనికొస్తుంది, బురదగానే ఉంటే ఆ లోడు వెనక్కి పంపండి.

మేస్త్రి కొడుకు
సార్, ఆ కందకాల కొలతలు, తొట్టి కొలతలు ఒక కాగితం మీద గీసి ఇక్కడ పెడతారా? మా నాన్నకు చూపించాలి.